ఒకే పంట, ఒకే గేటు

ఈ రోజు ఒక చిన్న దేశం గురించీ, మన చిత్తూరు మామిడి గురించీ మాట్లాడుకుందాం.

మధ్య అమెరికాలో కోస్టారికా అని ఒక దేశం. మొదట్లో అది కాఫీ మీద బతికింది. కాఫీని రేవుకు చేర్చడానికి రైలు మార్గం వేశారు. ఆ పని చేయించిన మైనర్ కీత్, పట్టాల పక్కనే అరటి నాటించాడు. 1899లో యునైటెడ్ ఫ్రూట్ కంపెనీ పుట్టింది. తోటలు, రైళ్లు, ఓడలు చాలావరకు ఆ ఒక్క కంపెనీ చేతిలోకి పోయాయి. ఇక ధర చెప్పేదెవరు? కొనేవాడే.

ఈ బాధ మనకు తెలియనిదా? బేనీషా అయితే సంతలో అమ్ముకుంటాం. తోతాపురికి మాత్రం గుజ్జు ఫ్యాక్టరీయే దిక్కు. 2025లో కాపు విరగకాసింది. ఫ్యాక్టరీల్లో పాత గుజ్జు మిగిలే ఉంది. గేట్ల ముందు ట్రాక్టర్లు బారులు తీరాయి. లోడు మీద కాయ మెత్తబడుతుంటే, రైతులు రాత్రుళ్లు అక్కడే గడిపారు. చివరికి కిలోకు ఫ్యాక్టరీ 8 రూపాయలు ఇవ్వాలనీ, తాను 4 రూపాయలు కలుపుతాననీ ప్రభుత్వం చెప్పాల్సి వచ్చింది.

మరి కోస్టారికా ఏం చేసింది? 1948లో సైన్యాన్నే రద్దు చేసింది. బడికీ, వైద్యానికీ డబ్బు పెట్టింది. 1990లలో కంప్యూటర్ చిప్‌లు చేసే ఇంటెల్ కంపెనీ అక్కడికి రావడానికి, చదువుకున్న పిల్లలుండటం కూడా ఒక కారణం. ఇప్పుడు ఆ దేశపు ఎగుమతుల్లో వైద్య పరికరాలే ముందు. అరటి పోలేదు, అనాస తోడయింది. ఒక్క పంటనే నమ్ముకోవడం పోయింది.

తప్పు తోతాపురిది కాదు. ఒకే పంట, ఒకే గేటు, అదీ ముప్పు. తోట మొత్తం కొట్టేయనక్కర్లేదు. కొన్ని ముదురు చెట్లకు కొమ్మలు కోసి, వేరే రకం అంటు కట్టించుకోవచ్చు. అదను ఎప్పుడో మీ మండల ఉద్యాన అధికారిని అడగండి.