పలురంగుల కోటు: ఒక పల్లెపాటల రచయిత్రి చరిత్ర

(గ్రంథాలయ రజతోత్సవ సభలో గావించిన ఉపన్యాసము)



పాట పాడినవారి పేరు లోకమునకు తెలియును. పాట కట్టినవారి పేరు తరచుగా మరుగున పడును. ఊడ్పుల పాటలు, తిరుగటి పాటలు, జోలపాటలు తెలుగు పల్లెలలో తరతరములుగా వినవచ్చినవి. వానిలో ఏ పాటను ఏ తల్లి కట్టినదో చెప్పగలవారు అరుదు. పాట కట్టుటనే వృత్తిగా గైకొని, తాను వ్రాసిన పాటపై తన హక్కును కాపాడుకొని, దాని వలన వచ్చిన ధనములో కొంత పసిపిల్లలకు పుస్తకముల రూపమున అందించిన ఒక పల్లెటూరి స్త్రీ చరిత్ర, గ్రంథాలయపు పండుగనాడు చెప్పుకొనదగినది. ఆమె అమెరికా దేశస్థురాలు. పేరు డాలీ పార్టన్.

అమెరికాలోని దక్షిణ రాష్ట్రముల కొండపల్లెలలోను, పొలములలోను పెరిగిన సంగీతమునకు 'కంట్రీ' సంగీతమని పేరు. ఇంగ్లండు, స్కాట్లండు, ఐర్లండు దేశముల నుండి వలస వచ్చినవారు తెచ్చిన కథాగేయములు, ఆఫ్రికా సంతతివారి బాంజో వాద్యము, వారి బ్లూస్ పాటలు, చర్చి కీర్తనలు కలిసి ఆ సంగీతమైనవి. 1920 తరువాత గ్రామఫోను కంపెనీలు, రేడియో దానిని ఊరూర వ్యాపింపజేసినవి. టెన్నెస్సీ రాష్ట్రమందలి నాష్‌విల్ నగరమున 1925లో ఆరంభమైన వారపు రేడియో కార్యక్రమము 'గ్రాండ్ ఓల్ ఆప్రీ' అను పేర ప్రసిద్ధి కెక్కెను. క్రమముగా నాష్‌విల్ ఆ సంగీతమునకు రాజధానియైనది. పాటలు వ్రాసి పొట్టపోసికొనదలచిన వారందరును గిటారు భుజమున వేసికొని ఆ నగరము చేరుచుండిరి.

ఆ టెన్నెస్సీ రాష్ట్రముననే, స్మోకీ పర్వతముల నడుమనున్న సెవియర్ కౌంటీలో, 1946 జనవరి 19వ తేదీన డాలీ జన్మించెను. పన్నెండుమంది సంతానములో ఆమె నాలుగవది. ఇల్లు ఒకటే గదిగల కొయ్య ఇల్లు. పురుడు పోసిన వైద్యునకు ఇచ్చుటకు రొక్కము లేక తండ్రి ఒక సంచి మొక్కజొన్న పిండి ఇచ్చెనట. తండ్రి రాబర్ట్ లీ పార్టన్ మొదట పరుల భూమిని పాలుకు చేసి, పిదప కొద్దిపాటి భూమి సంపాదించి పొగాకు పండించెను. కష్టజీవి, లెక్కలలో చురుకైనవాడు. కాని చదువను వ్రాయను నేర్వలేదు. తల్లి ఏవీ లీ పాతపాటలకు, కథలకు గని. ఆమె తండ్రి చర్చి బోధకుడు. పాట ఆ ఇంట అన్నమువలె నిత్యవస్తువు.

గింజలు ఒలిచిన మొక్కజొన్న కంకితో చేసిన బొమ్మయే డాలీకి ఆటవస్తువు. అయిదారేండ్ల ప్రాయమున ఆ బొమ్మ మీదనే ఆమె తన మొదటి పాట కట్టెను. అప్పటికి ఆమెకు వ్రాయుట రాదు. బిడ్డ పాడుచుండగా తల్లి కాగితముపై వ్రాసి దాచెను. ఈ చిన్న సంగతిని మరువరాదు. ఆనాడు తల్లి వ్రాయనిచో ఆ పాట గాలిలో కలిసిపోయెడిది.

ఎనిమిదవ యేట మేనమామ బిల్ ఓవెన్స్ ఆమెకు గిటారు కొనియిచ్చెను. పదవ యేట నాక్స్‌విల్ నగరపు రేడియో, టెలివిజను కార్యక్రమములలో ఆమె పాడసాగెను. 1959లో, పదమూడేండ్ల వయస్సున, మేనమామతో కలిసి కట్టిన పాటను లూసియానా రాష్ట్రమున ఒక చిన్న కంపెనీ రికార్డు చేసెను. ఆ యేడే గ్రాండ్ ఓల్ ఆప్రీ వేదికపై పాడుట సంభవించెను. 1964లో ఉన్నత పాఠశాల చదువు ముగిసిన మరునాడే ఆమె నాష్‌విల్ చేరెను. ఆకలితో గడచిన దినములు అచట కొన్ని కలవని ఆమె పిమ్మట చెప్పెను.

ఇచట పాటల రచయిత జీవనము ఎట్లు సాగునో కొంచెము తెలిసికొనుట అవసరము. అమెరికాలో పాట ఒక ఆస్తి. 1909 నాటి చట్టము ప్రకారము అమ్ముడైన ప్రతి రికార్డుపై ఒక్కొక్క పాటకు 2 సెంట్లు, అనగా డాలరులో ఏబదవ వంతు, రాయల్టీగా చెల్లింపవలెను. 1977 చివరి వరకు ఆ రేటు మారలేదు. ఆ సొమ్మును రచయితయు, పాటను లోకమునకు ఎక్కించు ప్రచురణ సంస్థయు సాధారణముగా చెరిసగము పంచుకొందురు. రేడియోలో పాట ప్రసారమైనచో అమెరికాలో ఆ రుసుము రచయితకును ప్రచురణకర్తకును చేరునేగాని పాడినవారికి చేరదు. కావున రచయిత తన ప్రచురణ హక్కును ఇతరులకు వ్రాసియిచ్చుట, రైతు తన పొలములో సగము వ్రాసియిచ్చుటతో సమానము. పంట ఏటేట పండుచునే యుండును. సగము మాత్రము ఇతరుల గాదెకు పోవును.

1966లో బిల్ ఫిలిప్స్ అను గాయకుడు డాలీయు మేనమామయు కట్టిన పాటను పాడి జయము పొందెను. ఆ రికార్డులో వంతపాడిన గొంతు డాలీదే. కాని రికార్డుపై గాయనిగా ఆమె పేరు లేదు. ఆ గొంతు ఎవరిదని రేడియోవారు విచారించిరి. దాదాపు ఆ కాలముననే మామయు మేనకోడలును తమ ఇంటిపేర్లు కలిపి 'ఓవ్‌పార్' అను సొంత ప్రచురణ సంస్థను స్థాపించిరి. కొండపల్లె నుండి వచ్చిన ఇరువదేండ్ల పడుచు తన పాటల పంటకు తన గాదెనే కట్టుకొనెను.

1967లో పోర్టర్ వాగనర్ అను ప్రసిద్ధ గాయకుడు తన టెలివిజను కార్యక్రమమునకు ఆమెను తీసికొనెను. మొదట ప్రేక్షకులు ఆమెకు పూర్వమందున్న గాయనినే కోరి కేకలు వేయుచుండిరి. ఆమె ఓర్పుతో నిలిచి, వారి ఆదరము సంపాదించెను. ఊరూర తిరుగు ఆ బస్సులోనే 1969లో ఆమెకు ఒక చిన్ననాటి జ్ఞాపకము కలిగెను. తల్లి గుడ్డపీలికలు కుట్టి ఆమెకు కోటు చేసెను. కుట్టుచు, బైబిలులో యోసేపు ధరించిన పలురంగుల అంగీ కథ చెప్పెను. పిల్ల గర్వముతో ఆ కోటు తొడుగుకొని బడికి పోగా తోటిపిల్లలు నవ్విరి. పాట పుట్టునప్పటికి దగ్గర కాగితము లేదు. వాగనర్ దుస్తులకు కట్టియున్న లాండ్రీ రసీదు వెనుక ఆమె దానిని వ్రాసెను. 'కోట్ ఆఫ్ మెనీ కలర్స్', అనగా పలురంగుల కోటు, 1971లో వెలువడెను.

అవమానమును తలచి ఏడ్చుట ఆ పాటలో ప్రధానము కాదు. పేదరికము వేరు, హీనత వేరు అను వివేకము అందు కలదు. మూడు నిమిషములలో ఒక ఇల్లు, ఒక తల్లి, ఒక బడి కనులయెదుట నిలుచును. కఠినపదము ఒక్కటియు లేదు. చదువు లేని తండ్రికి సైతము తెలియునట్లు వ్రాయుటయే ఆమె పద్ధతి. అమెరికా జాతీయ గ్రంథాలయమైన లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్, దేశము కలకాలము భద్రపరుపదగిన ధ్వనిముద్రణల 2011వ సంవత్సరపు జాబితాలో దీనిని చేర్చెను. లాండ్రీ రసీదుపై పుట్టిన పాట గ్రంథాలయమునకు ఎక్కెను.

1973లో 'జొలీన్' అను పాట వచ్చెను. సంతకము కొరకు వచ్చిన ఎఱ్ఱజుట్టు బాలిక పేరు ఇంపుగా వినబడగా, మరచిపోకుండుటకు దానిని పలుమారు ఉచ్చరించుచు ఆమె పోయెను. తన భర్తను ఆకర్షింపజూచిన ఒక బ్యాంకు ఉద్యోగిని సంగతి దానికి తోడై పాటయైనది.

ఏడేండ్లు గడచినవి. డాలీ స్వతంత్రముగా నిలువదలచెను, వాగనర్ పోనీయడాయెను. వాదము వలన ఫలము లేదని తలచి ఆమె ఒక పాట వ్రాసి ఆయన యెదుట పాడెను. కోపము లేక, నింద లేక, కృతజ్ఞతతో సెలవు కోరు పాట అది. 'ఐ విల్ ఆల్వేస్ లవ్ యూ' అను ఆ పాటను విని ఆయన కన్నీరు పెట్టుకొని, ఆ రికార్డును తాను నిర్మించుట కొప్పుకొన్నచో పోవచ్చునని సెలవిచ్చెను. తరువాత 1979లో ఆయన ఆమెపై వ్యాజ్యము వేయుటయు, అది రాజీపడుటయు జరిగెను. పాట మాత్రము 1974లో కంట్రీ పాటల జాబితాలో మొదటి స్థానము పొందెను.

అప్పుడే ఆమెకు గొప్ప పరీక్ష వచ్చెను. ఆనాటి అమెరికాలో ఎల్విస్ ప్రెస్లీని మించిన గాయకుడు లేడు. ఆయన ఆ పాటను పాడదలచెను. డాలీ పొంగిపోయెను. కాని రికార్డు చేయుటకు ముందు ఎల్విస్ వ్యవహారకర్త టామ్ పార్కర్ ఒక నియమము తెలిపెను: ప్రచురణ హక్కులో సగము తమకు వ్రాసియీయవలెను. అట్టి నియమము ఆయనకు పరిపాటి. పెక్కుమంది రచయితలు ఒప్పుకొనిరి. ఎల్విస్ పాడినచో మిగిలిన సగమే కుప్పలుగా వచ్చును. ఆమె ఒప్పుకొనలేదు. ఆ పాట తన వారికి విడిచిపోవలసిన ఆస్తియని చెప్పి కాదనెను. ఇది తెలివితక్కువతనమని అన్నవారు కలరు. ఆ రాత్రి ఏడ్చితినని ఆమెయే చెప్పియున్నది. 1977లో ఎల్విస్ మరణించెను. ఆయన కంఠమున ఆ పాట రికార్డు కాకయే పోయెను.

ఆ నష్టము నిజమైనది. దానిని చిన్నదిగా చెప్పరాదు. ఫలితము తెలియక ముందు కాదనుటయే ధైర్యము. 1982లో డాలీ మరల పాడగా ఆ పాట రెండవమారు మొదటి స్థానమునకు వచ్చెను. 1992లో 'ది బాడీగార్డ్' అను చలనచిత్రము కొరకు విట్నీ హ్యూస్టన్ పాడగా, అమెరికా పాటల జాబితాలో 14 వారములు అగ్రస్థానమున నిలిచి, దేశదేశముల మారుమ్రోగెను. హక్కు ఎవరి చేతనున్నదో పంట వారి యింటికే వచ్చెను.

తక్కిన జయములను క్లుప్తముగా చెప్పిన చాలును. కచేరీలలో పనిచేయు స్త్రీల కష్టములపై తీసిన చిత్రమునకు 1980లో 'నైన్ టు ఫైవ్' పాట వ్రాసెను. తన పొడుగు గోళ్లు ఒకదానిపై ఒకటి తట్టగా టైపురైటరు చప్పుడు వచ్చుట గమనించి, ఆ తాళముననే పాట కట్టెను. 1986లో నాష్‌విల్ పాటల రచయితల గౌరవపీఠము, 1999లో కంట్రీ సంగీత గౌరవపీఠము, 2001లో అమెరికా పాటల రచయితల గౌరవపీఠము ఆమెను చేర్చుకొన్నవి. తాను 3000 పాటలకు పైగా వ్రాసితినని ఆమె చెప్పెను.

ఇక తండ్రి సంగతి. అంత తెలివిగల తండ్రి చదువరాక సిగ్గుపడుట ఆమెకు చిన్ననాటి నుండి మనసున ముల్లుగా నుండెను. 1995లో ఆమె తన సెవియర్ కౌంటీలో 'ఇమాజినేషన్ లైబ్రరీ' అను ఏర్పాటు గావించెను. బిడ్డ పుట్టినది మొదలు అయిదేండ్లు నిండువరకు నెలకొక పుస్తకము, బిడ్డ పేరిటనే, తపాలాలో ఇంటికి వచ్చును. కలవారు, లేనివారు అను భేదము లేదు, మూల్యము లేదు. ఇతర ప్రాంతములకు ప్రాకినప్పుడు పుస్తకముల ఖర్చును, తపాలా ఖర్చును స్థానిక సంఘములు కూడ భరించినవి. కెనడా, బ్రిటను, ఆస్ట్రేలియా, ఐర్లండు దేశములకు అది విస్తరించెను. 2018లో 10 కోట్లవ పుస్తకమును లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌కు సమర్పించిరి. 2023 నాటికి సంఖ్య 20 కోట్లు దాటెను.

పిల్లలు ఆమెను 'పుస్తకాలావిడ' అను అర్థము వచ్చునట్లు పిలుచుట విని, గాయనిగా వచ్చిన కీర్తి కంటె దీనికే తండ్రి ఎక్కువ మురిసెనని ఆమె చెప్పియున్నది. 2000 సంవత్సరమున ఆయన మరణించెను. తాను చదువలేని పుస్తకములు మనుమల యీడు పిల్లల చేతులలో చూచియే ఆయన పోయెను.

ఈ చరిత్రలో గ్రంథాలయమునకు పనికివచ్చు మాట ఒకటి కలదు. బిడ్డ నోటి పాటను ఒక తల్లి కాగితముపై పెట్టినందున అది నిలిచెను. ప్రతి పల్లెలోను పాటలు వచ్చిన ముసలమ్మలు కలరు. గ్రంథాలయపు బల్లపై ఒక నోటుపుస్తకము ఉంచి, చదువుకొన్న పిల్లలు వారి చెంత కూర్చుండి, ఆ పాటలను పాడినవారి పేరుతో సహా వ్రాసిపెట్టినచో, పుస్తకములు తెప్పించుకొను గ్రంథాలయము ఒక పుస్తకమును తానే పుట్టించినదగును. దానికి కావలసినది ఒక కలము, ఒక సాయంకాలము, కొంచెము ఓర్పు. స్వస్తి.