ఎదురుమాట చెప్పిన పుస్తకాల మనిషి



పుస్తకము వ్రాయుటకు స్వేచ్ఛ యున్నంత మాత్రమున చాలునా? అది చదువువాని చేతికి చేరవలదా? ఈ ప్రశ్నకు తన జీవితమునే సమాధానముగా ఇచ్చిన నవలాకారుడు వట్టికోట ఆళ్వారుస్వామి.

ఆయన 1915లో నల్లగొండ జిల్లా మాధవరమున జన్మించెను. బాల్యమున తండ్రి గతించుటచే ఒక ఉపాధ్యాయుని ఇంట వంట చేయుచు, అక్కడనే చదువు నేర్చెను. తరువాత హోటలులో సర్వరు. గోలకొండ పత్రికలో ప్రూఫురీడరు. కళాశాల గడప త్రొక్కని ఆ మనిషి 1938లో దేశోద్ధారక గ్రంథమాలను స్థాపించి, అచ్చయిన పుస్తకములను తానే మోసికొని ఊరూర తిరిగి అమ్మెను. అమ్ముటలో ఏమి గొప్ప అని నేటివారు అడుగవచ్చును. నాటి హైదరాబాదు రాజ్యమున రాజభాష ఉర్దూ. ఉన్నతవిద్య ప్రధానముగా ఉర్దూలోనే. సభ జరుపవలెనన్నను సర్కారు అనుమతి కావలెను. 1904లోనే హనుమకొండలో రాజరాజనరేంద్ర ఆంధ్ర భాషా నిలయమును నిలుపుకొన్న ఓరుగల్లు సీమవారికి ఆ కష్టము వేరుగా చెప్పనక్కరలేదు.

గ్రంథాలయము వేరు, రాజకీయము వేరు అనుట ఎల్లకాలము క్షేమకరమైన మాట. ఆళ్వారుస్వామి ఆ క్షేమమును కోరలేదు. గ్రంథమాల నడపుచునే ఆంధ్రమహాసభలోను, కమ్యూనిస్టు పార్టీలోను పనిచేసెను. 1946లో చెరసాల పాలయ్యెను. 1948 సెప్టెంబరులో నిజాము పాలన ముగిసినది. ఆయన చెర మాత్రము 1951 వరకు ముగియలేదు. ప్రభువులు మారినంతనే ఎదురుమాటను సహించు గుణము అలవడదు గదా!

అన్నియేండ్లు లోపల గడపినవాడు తన త్యాగమును వర్ణించుకొనుట సహజము. ఆయన అట్లు చేయలేదు. ‘జైలు లోపల’ కథలలో దొంగలని, నేరస్థులని లోకము త్రోసివేసిన తోటి ఖైదీలను చూపెను. నేరమునకు పూర్వము వారి బ్రతుకెట్టిదని అడిగెను. రాజకీయ ఖైదీలకు ఈ ప్రశ్న అంతగా రుచించునది కాదు. ‘ప్రజల మనిషి’ నవలలోను ఇదే చూపు. దొర, వెట్టి, మతమార్పిడి అన్నియు అందున్నవి. మతము మారిన పేదలను నిందించుట సులభము. ఆయన మాత్రము వారి వెన్ను విరిచిన వెట్టివైపు వ్రేలు చూపెను. పండితులు నవలకు తగదనుకొన్న పల్లెమనిషి అందు నడుమ నిలిచెను. శైలిలో అక్కడక్కడ ఉపన్యాసధోరణి కలదనుట నిజమే. అయినను ఆ గ్రామము పాఠకుని విడువదు.

చెరలో సహచరుడైన దాశరథి తన ‘అగ్నిధార’ను ఆయనకే అంకితమిచ్చెను. 1961 ఫిబ్రవరి 5న ఆళ్వారుస్వామి కన్నుమూసెను. రెండవ నవల ‘గంగు’ అప్పటికి పూర్తి కాలేదు, అసంపూర్ణముగానే అచ్చయినది.