ఆంగ్ల క్రియలు – భూతకాల భయము



1963 నాటి అధికార భాషల చట్టము ననుసరించి కేంద్ర కార్యాలయములలో హిందీతోపాటు ఆంగ్లమును కొనసాగుచున్నది. ఆ ఆంగ్లమున నోటు వ్రాయ గూర్చుండిన తెలుగువారిలో పలువురిని భూతకాలము నిజముగనే భూతమై పీడించును.

ప్రాచీనాంగ్లమున క్రియలు ముఖ్యముగా రెండు తెగలు. ఒక తెగ లోపలి అచ్చును మార్చుకొనెడిది: సింగ్, సాంగ్, సంగ్. రెండవ తెగ చివర దకారమునో తకారమునో చేర్చుకొనెడిది. కాలక్రమమున రెండవదియే బలపడెను. 'హెల్ప్'నకు పూర్వ ముండిన 'హోల్ప్' పోయి 'హెల్ప్డ్' నిలిచినది. నిత్యము నోట నానెడి క్రియలలో పెక్కులు మాత్రము లొంగలేదు. 'గో'కు 'వెంట్' యనునది 'వెండ్' అను వేఱొక క్రియనుండి వచ్చినది. ఇందు వింత యేమి? మన 'వచ్చు' ధాతువు విధియందు 'రా' యగుట లేదా?

కార్యాలయమున చిక్కు తెచ్చునవి జంట క్రియలు. 'లై' యనగా పడియుండుట; దాని భూతరూపము 'లే'. 'లే' యనగా ఉంచుట. దాని భూతరూపము 'లెయిడ్'. పార్లమెంటు బల్లపై కాగితములు 'లెయిడ్' అగునే గాని 'లెయిన్' కావు. ఇవి మన 'ఆగు – ఆపు', 'తిరుగు – త్రిప్పు' వంటి జంటలే. అట్లే చెట్టు తానై కూలిన 'ఫెల్', గొడ్డలితో కూల్చిన 'ఫెల్డ్'. అటవీశాఖ దస్త్రమున నీ రూపము తాఱుమాఱైనచో నేరము గాలివానదో మనుష్యునిదో తేలదు. గోడకు పటము 'హంగ్'. ఉరిశిక్ష పడినవాడు 'హ్యాంగ్డ్'. సంస్థను స్థాపించిన 'ఫౌండెడ్', పోయిన దస్త్రము దొరకిన 'ఫౌండ్'.

ఇంట పిల్లవాడు 'వెంట్' అనుటకు బదులు 'గోఎడ్' అనిన పెద్దలు నవ్వుదురు. ఆంగ్లము మాతృభాషగా గల శిశువులును అట్లే పలుకుదురు. అది తెలివితక్కువ కాదు; సూత్రము పట్టుపడిన దనుటకు గుర్తు. ఆ నవ్వునకు బెదరిన బాలుడే పెద్దవాడై, విషయ మంతయు తెలిసియు సమావేశమున నోరు మెదపడు. అతని మౌనమువలన కలుగు నష్టము, ఒక క్రియ తప్పుటవలన కలుగు నష్టముకంటె పెద్దది.

నిత్యవ్యవహారమునకు వలయు నిట్టి క్రియలు 200 లోపే. ఎక్కములవలె మూడేసి రూపములను వాక్యములలో నిలిపి, దినమునకు రెండు చొప్పున వల్లించినచో నాలుగు మాసములలో ముగియును. పిల్లలతో కూర్చుండి పెద్దలును వల్లింతురుగాక! తప్పును సవరింపవలయును, తప్పినవానిని నవ్వరాదు.