కాందిశీక శిశువు – చట్టము



కాందిశీకుడను మాటను మనము తఱచు వాడుచునే యున్నాము గాని, దాని పుట్టుక నరసినచో మనసు కలుక్కుమనును. ‘కాం దిశమ్’, ఏ దిక్కునకు పోవుదునని వెఱచి పరుగిడువాడే కాందిశీకుడు. పెద్దవారైన ఆ ప్రశ్న వేసికొనగలరు; చంకనున్న పసివానికి తల్లి చేయియే దిక్కు. తెలుగున దిక్కనగా దిశయు నాశ్రయమును గదా! ఆ చేయి జాఱినపుడు చట్టము వానికేమగునన్నదే నేటి నా ప్రసంగము.

ఇందులకు దూరదేశముల యుదాహరణము లక్కఱలేదు. విశాఖ, శ్రీకాకుళ ప్రాంతముల పల్లెలనుండి మనవారు తరతరములు ఓడలెక్కి రంగూనునకు పోయిరి; కోరంగి రేవును బట్టి అచట తెలుగువారికి కోరంగీలని పేరు వచ్చెను. 1941 డిసెంబరు 23న జపానువారు రంగూనుపై బాంబులు కురియగా, అరకాను త్రోవను, మణిపురపు కొండల త్రోవను లక్షలకొలది భారతీయులు కాలినడకను బయలుదేఱి, ఎందఱో నడుమనే రాలిపోగా, మిగిలినవారు స్వస్థలము చేరి అమ్మయ్య యనుకొనునంతలో, 1942 ఏప్రిల్ 6న విశాఖపట్టణముపైననే బాంబులు పడినవి.

రెండవ విడత బర్మాలో నెవిన్ సైనికప్రభుత్వము నాటిది. దుకాణములు సర్కారు పరమయ్యెను. 1964 మే నెలలో యాభై, నూఱు విలువగల నోట్లు చెల్లవనిరి. ఓడలు మన రేవునకు వచ్చినవి. విశాఖ కంచరపాలెమున బర్మా క్యాంపను పేరు నేటికిని నిలిచియున్నది. ఆ యోడలలో వచ్చిన బిడ్డలలో పెక్కుమంది యీ నేలను అంతకుమున్ను కన్నెత్తి చూచినవారు కారు. ఐనను ప్రభుత్వపు కాగితములు వారిని ‘తిరిగివచ్చినవా’రనినవి. చూడని యూరికి తిరిగివచ్చుట యెట్లని వైయాకరణుడు నవ్వవచ్చును. కాని యా తప్పుమాటయే వారి పాలిటి రక్ష యైనది.

ఈ యుపన్యాస మెవరి స్మృత్యర్థమో ఆ మాస్టారు అట్టి బిడ్డలను బడిలో చేర్చుకొన్నవారు. పుట్టినతేదీ యేదన్న, “వానల్లో పుట్టేడు బాబూ” అని తల్లి చెప్పెడిది. ఆయన కలము క్షణమాపి జూలై 1 అని వ్రాసెడివారు. మన ప్రాంతపు పాత రిజిస్టర్లు చూచిన, సగము ఊరు జూలై 1ననే పుట్టినదేమో యనిపించును. చట్టము దీనిని నవ్వులాటగా తీసికొనలేదు. 2015 నాటి బాలల న్యాయ చట్టము, 94వ సెక్షనున, వయస్సు తేల్చుటకు మొదట బడి యిచ్చిన పత్రమును, అది లేనిచో పురపాలకసంఘమో పంచాయతీయో యిచ్చిన జనన పత్రమును, ఏదియు లేనప్పుడే ఎముకల పరీక్షను కోరుచున్నది. పదునెనిమిదేండ్లు నిండని నిరాశ్రయ శిశువును ఇరువదినాలుగు గంటలలో బాలల సంక్షేమ సమితి యెదుట నిలుపవలెను. నిండినవానికి ఆ గడప లేదు.

నేడు అదే బర్మానుండి వచ్చిన రోహింగ్యా బిడ్డలు హైదరాబాదు బాలాపూరు గుడిసెలలో నున్నారు. వారికి ‘తిరిగివచ్చిన’ యను మాట దొరకదు. 1951 నాటి శరణార్థుల ఒడంబడికలో మన దేశము చేరలేదు. 1946 నాటి విదేశీయుల చట్టము పోయి 2025లో క్రొత్తది వచ్చినను శరణార్థికి ప్రత్యేక స్థానము కలుగలేదు. 2004 డిసెంబరు 3 మొదలు, తల్లిదండ్రులలో నొకరు అక్రమ వలసదారులైనచో, ఇచటనే పుట్టిన బిడ్డకును పుట్టుకచే పౌరసత్వము రాదు. ఐనను తలుపులన్నియు మూసికొనలేదు. 1992లో మనము చేరిన బాలల హక్కుల ఒడంబడిక, తన 22వ అధికరణమున, తోడున్నను లేకున్నను శరణార్థి శిశువునకు రక్షణ మీయవలెనన్నది. విద్యాహక్కు చట్టము తన నిర్వచనమున ‘బిడ్డ’ యన్నదే గాని ‘పౌరు’డనలేదు, వయస్సు రుజువు లేదని బడిలో చేర్చుకొనకుండుటను 14వ సెక్షను నిషేధించినది. 2025 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు, రోహింగ్యా బిడ్డలు ప్రభుత్వ పాఠశాలలకు పోయి యడుగవచ్చుననియు, కాదన్నచో హైకోర్టు నాశ్రయింపవచ్చుననియు చెప్పెను. ఒకటవ తరగతికై హైకోర్టునకు! విజ్ఞులు మన్నింతురు గాక, ఆఱేండ్ల కాళ్లకు అది దూరపు నడకయే.

మాస్టారి రిజిస్టరును నేను చూచితిని. జన్మస్థలమను గడిలో రంగూను, మౌల్మేను అని యున్నవి. పుట్టినతేదీ ప్రక్కన, ఆధారమను గడిలో, ఆయన ప్రతి బిడ్డకును ఒక్కటే వ్రాసినారు: తల్లి చెప్పినది.