ట్యాగు కొనే ముందు: ఆర్‌ఎఫ్‌ఐడీనా, ఎన్‌ఎఫ్‌సీనా?

(మండల సమాఖ్య సర్వసభ్య సమావేశంలో అమ్మకాల ఉపసంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



మన అమ్మకాల కేంద్రంలో స్టాకు లెక్క చూసే మిషను పెట్టుకోమని ఒక కంపెనీ కొటేషన్ ఇచ్చిన సంగతి మీకు తెలుసు. అందులో రెండు రకాలు రాశారు. ఒకటి ఆర్‌ఎఫ్‌ఐడీ, రెండోది ఎన్‌ఎఫ్‌సీ. ఏది కావాలో మీరే తేల్చుకోండి అన్నారు. ఇది పైనుంచి వచ్చే గ్రాంటు కాదు. మన పొదుపు, మనం కట్టిన వడ్డీ. అందుకే తీర్మానం రాసేముందు అవేమిటో అందరికీ తెలియాలి.

మన ఇబ్బంది ఎక్కడుందో ముందు చూద్దాం. కేంద్రంలో ఉన్న చీరలు మనం కొని పెట్టినవి కావు. సభ్యులు తెచ్చి ఇస్తారు, అమ్ముడయ్యాక డబ్బు ఇస్తాం. లెక్కలో ఒక చీర తగ్గితే రిజిస్టరులో ఒక గీత కొట్టేస్తాం. కానీ ఆ గీత వెనకాల ఒక ఇంట్లో మగ్గం మీద కూర్చున్న రోజులున్నాయి. అమ్ముడైందా, మాసిపోయి పక్కన పెట్టారా, ఎగ్జిబిషన్‌కి పట్టుకెళ్లిన మూటలో ఉండిపోయిందా అని ఆ అక్క అడిగితే, మన దగ్గర జవాబుండాలి.

ఇక ఆ రెండు పేర్ల సంగతి. రెండిట్లోనూ సూత్రం ఒకటే. స్టిక్కరులో గింజంత చిప్, దానికి అంటుకుని సన్నని తీగ. మనకు చూపించిన వాటిలో బ్యాటరీ ఉండదు. రీడరు పంపే రేడియో తరంగం నుంచే కాస్త శక్తి తీసుకుని ఆ చిప్ తన నంబరు చెబుతుంది. నిజానికి ఎన్‌ఎఫ్‌సీ వేరే జాతి కాదు, ఆర్‌ఎఫ్‌ఐడీ ఇంట్లో పుట్టిన పిల్లే. తేడా అంతా దూరంలో ఉంది.

టోల్ గేటు దగ్గర కారు అద్దం మీద ఫాస్టాగ్ చూశారు కదా. 2021 ఫిబ్రవరి నుంచి అది తప్పనిసరి అయింది. అది ఆర్‌ఎఫ్‌ఐడీయే. అద్దం దించక్కర్లేదు, చేత్తో చూపించక్కర్లేదు, కొన్ని మీటర్ల దూరం నుంచే చదివేస్తుంది. చీరలకు కట్టే ట్యాగులూ ఈ రకమే. ర్యాకు ముందు రీడరు పట్టుకుని నడిస్తే మడత విప్పకుండానే వందల చీరలు నిమిషాల్లో లెక్కకొస్తాయి.

ఎన్‌ఎఫ్‌సీ అలా కాదు. బ్యాంకు కార్డును మిషనుకు ఆనించి డబ్బు కట్టడం చూశారుగా, అదీ దీని పద్ధతే. రెండు వేళ్ల వెడల్పు, అంటే సుమారు 4 సెంటీమీటర్ల దగ్గరకు తెస్తేనే పలుకుతుంది. కావాలనే అలా చేశారు. 5,000 రూపాయల వరకు పిన్ లేకుండా పోయే కార్డు పది అడుగుల నుంచి పలికితే బస్సులో మన సంచి పక్కన నిలబడినవాడికి పండగే! ఇది ఒక్కో వస్తువునే చదువుతుంది. అయితే దీనికి వేరే రీడరు కొనక్కర్లేదు, ఎన్‌ఎఫ్‌సీ ఉన్న ఫోన్ చాలు. కొనేవాళ్లు ట్యాగుకు ఫోన్ ఆనిస్తే నేసినవారి ఊరు, నూలు రకం, ఉతికే పద్ధతి తెరమీద కనబడేలా పెట్టుకోవచ్చు. కానీ తక్కువ ధర ఫోన్లలో చాలావాటికి ఈ సదుపాయం లేదు. మీ ఫోన్ సెట్టింగుల్లో వెతికి చూడండి, సగం మందికి కనబడదనుకుంటాను.

కాబట్టి ఏది గొప్పది అని అడిగితే జవాబు రాదు. ఎవరు చదవాలి, ఎంత దూరం నుంచి, ఒక్కసారి ఎన్ని? ఇలా అడగాలి. మనం స్టాకు లెక్క పెట్టుకోవాలంటే ఆర్‌ఎఫ్‌ఐడీ. కొనేవారికి చీర కథ చెప్పాలంటే ఎన్‌ఎఫ్‌సీ. ఒకదాని పని రెండోదానితో చేయించబోతే డబ్బు దండగ.

అమ్మేవాళ్లు చెప్పని సంగతులు కొన్ని ఉన్నాయి. దూరం నుంచి చదివే ఆర్‌ఎఫ్‌ఐడీకి ఇనుమూ, నీరూ పడవు. మన చీరల్లో ఎక్కువ భాగం ఇనుప బీరువాలోనే ఉంటాయి. తలుపు మూస్తే లోపలివి చదవదు. ట్యాగు జరీకి అంటుకుని ఉన్నా తడబడవచ్చు, దారంతో వేలాడే అట్టముక్క మీద పెట్టాలి. ఉప్పూ తడీ ఉన్న పచ్చడి సీసాల మీద ఇంకా కష్టం. ఆవకాయకు అసలొద్దని ఉపసంఘం మాట. ఎన్‌ఎఫ్‌సీ ఉంటే నకిలీలు ఆగిపోతాయన్న మాట కూడా పూర్తిగా నమ్మకండి. మామూలు ట్యాగులో ఉండేది ఒక లింకు మాత్రమే, దాన్ని ఇంకో ట్యాగులోకి ఎక్కించడం కష్టం కాదు. నకలు తియ్యలేని రకాలున్నాయి, వాటి ధర వేరు.

ఖర్చు విషయానికొస్తే, ట్యాగు ధర చూసి మోసపోకూడదు. అది రూపాయల్లోనే ఉంటుంది. చేత్తో పట్టుకునే ఆర్‌ఎఫ్‌ఐడీ రీడరు వేలల్లో మొదలై లక్ష దాటేవీ ఉన్నాయి. దాని మీద సాఫ్ట్‌వేరుకు ఏటా కట్టే ఫీజు. ఆ ఫీజు ఆపేస్తే మన లెక్కలు మన చేతికొస్తాయా, లేదా అన్నది కొటేషన్‌లో లేదు. రాతలో అడగాలి.

మూడో దారి ఒకటుంది. మామూలు బార్‌కోడు. ఒక్కోటి చూపించి చదివించాలి, నిజమే. కానీ చదివే గన్ను రెండు మూడు వేలలో వస్తుంది, స్టిక్కరు మనమే ముద్రించుకోవచ్చు. చీర కథ చెప్పడానికి ఫోన్‌పే బోర్డు మీద ఉండే క్యూఆర్ లాంటిదే చాలు, అది కెమెరా ఉన్న ఏ ఫోన్‌కైనా అందుతుంది. ఒక మధ్యాహ్నంలో ఇద్దరు కూర్చుని లెక్క తేల్చగలిగినంత స్టాకుకు ఇంతకు మించి అక్కర్లేదు. వేల చీరలు, మూడు నాలుగు కౌంటర్లు, నెలనెలా ఎగ్జిబిషన్లు అయిననాడు ఆర్‌ఎఫ్‌ఐడీ తన ఖర్చు తాను తెచ్చుకుంటుంది.

అందువల్ల ఉపసంఘం ప్రతిపాదన ఇది. ఈ ఏడాది ప్రతి చీరకూ ఒక నంబరు, తెచ్చిన సభ్యురాలి పేరు, తేదీ బార్‌కోడుతో ఎక్కిద్దాం. రేపు ఏ ట్యాగు కొన్నా ఈ నంబర్లే దాంట్లోకి వెళ్తాయి, చేసిన పని వృథా పోదు. కంపెనీవారిని మాత్రం మన కేంద్రానికే రమ్మందాం. వాళ్ల గదిలో కాదు, మన బీరువా ముందు, మన జరీ చీరలతో, చదివి చూపించమందాం. ఆ రోజు ప్రతి గ్రామ సంఘం నుంచి ఇద్దరు రండి. ఒకరు తప్పకుండా చీరలు ఇచ్చే సభ్యురాలై ఉండాలి.