ఒక్క పనికే పుట్టిన పరికరము

(సంఘ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



మన వార్షికోత్సవములలో ప్రబంధములను గూర్చియో, పద్యనాటకములను గూర్చియో ప్రసంగించుట వాడుక. నేను కళాశాలలో సాహిత్యము చదివి, సచివాలయమున దస్త్రములు చూచుకొనువాడనే కాని యంత్రశాస్త్ర మెరిగినవాడను కాను. అయినను పుస్తకపఠనమునకు సంబంధించినదే గనుక, ఎలక్ట్రానిక్ పుస్తకములను చదువుకొనుటకు మాత్రమే నిర్మింపబడిన చిన్న పరికరమును గూర్చి నాలుగు మాటలు మనవి చేయదలచితిని. మన పిల్లలు ఈ-రీడరు అని పిలుచునది దీనినే.

దీని ఆయుర్దాయమును గూర్చి లోకము చెప్పిన జోస్యములు పెక్కు తప్పినవి. 1998లో అమెరికాలో రాకెట్ ఈబుక్, సాఫ్ట్‌బుక్ అను పరికరములు వెలువడి, కొలది యేండ్లలోనే అంతరించెను. పిమ్మట 2004లో జపానులో సోనీ సంస్థ లిబ్రియే అను దానిని, 2007 నవంబరు 19వ తేదీన అమెజాన్ సంస్థ కిండిల్‌ను విడుదల చేసినవి. 399 డాలర్ల వెల గల ఆ తొలి కిండిళ్లన్నియు అయిదున్నర గంటలలో అమ్ముడుపోయెను. 2010లో ఐప్యాడ్ రాగా, రంగులు చూపి, పాటలు పాడి, ఉత్తరములు మోయు పలక చేతిలో నుండగా, నలుపు తెలుపుల ఈ బీద వస్తువు ఎవరికి కావలెనని పలువురు పెదవి విరిచిరి. 2014లో సోనీ ఈ వర్తకమునుండి తప్పుకొనెను. 2023లో చైనాలో కిండిల్ పుస్తకశాల మూతపడెను. అయినను పరికరము చావలేదు. కిండిల్, కోబో మున్నగునవి నేటికిని తయారగుచునే యున్నవి. 2024లో రంగుల తెరలు గల రకములును వచ్చినవి.

ఇది బ్రతికి బట్టకట్టుటకు మొదటి కారణము దాని తెర. 1997లో మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థకు చెందిన పరిశోధకులు ఈ-ఇంక్ అను సంస్థను స్థాపించిరి. వారి తెరలో ఇంచుమించు వెంట్రుక మందము గల గోళికలు అసంఖ్యాకముగ నుండును. ఒక్కొక్క గోళికలోని ద్రవమున తెల్లని రేణువులును, నల్లని రేణువులును తేలుచుండును. వానికి పరస్పర విరుద్ధమైన విద్యుదావేశములు. విద్యుత్తు సోకగనే ఒక జాతి పైకి వచ్చును, రెండవ జాతి అడుగునకు పోవును. అట్లేర్పడిన అక్షరము విద్యుత్తు నిలిచినను చెదరదు. పుట త్రిప్పునపుడే ఆ తెరకు శక్తి కావలెను. కనుకనే ఒకసారి ఛార్జి చేసినచో వారముల తరబడి పనిచేయును. పైగా ఇది కాగితమువలె బయటి వెలుతురులోనే కనబడును. శీతకాలమున మధ్యాహ్న విరామవేళ పచ్చికపై ఎండ కాచుకొనుచు ఫోను తెర వెలవెలబోవుట చూచిన ఢిల్లీవాసులకు ఈ సుగుణమును నేను వివరింప నక్కరలేదు.

రెండవ కారణము విచిత్రమైనది. ఈ తెర మందగామి. చలనచిత్రములు చూచుటకు పనికిరాదు. తొలుత దీనిని గొప్ప లోపమని యెంచిరి. కాని ఆ లోపమే దానికి సహజకవచమైనది. ఫోనులో పుస్తకము తెరచినవానికి రెండు పుటలు సాగకముందే కార్యాలయ సందేశమొకటి, బంధువుల శుభోదయమొకటి, బ్యాంకువారి హెచ్చరిక యొకటి వచ్చిపడును. ఈ-రీడరు మనలను పిలువదు; మనము పిలిచిన పలుకును. పది పనులు చేయు యంత్రముల నడుమ ఒక్క పనినే చేయుదునని భీష్మించుకొని కూర్చున్నది గనుకనే అది నిలిచినది.

ఇక నా సొంత గోడు మనవి చేయుదును. మా నాయనగారికి డెబ్బదియెనిమిదేండ్లు. బదిలీలలో నా పుస్తకముల పెట్టెలు సగము జారిపోయినవి. మిగిలిన వానిలోని చిన్న అక్షరము ఆయన కంటికి ఆనుట లేదు. జీవితమంతయు చదివినవాడు చేతులు ముడుచుకొని కిటికీ చెంత కూర్చుండుట చూడలేక, ఈ పరికరమొకటి కొని యిచ్చితిని. అంతర్జాలమున ఉచితముగ దొరకు పాత తెలుగు పుస్తకములు నాలుగు అందులో ఎక్కించితిని. ఆయన చూచి, “ఒరే అబ్బాయీ, ఇది పుస్తకం కాదురా, పుస్తకం ఫోటో!” అనిరి.

ఆ మాట నిజము. అవి స్కానింగు చేసిన పుటలు. అక్షరము పెంచబోయిన పంక్తి సగము తెర దాటిపోవును. తిరిగి కుదించిన ఆవగింజ యగును. ఇంగ్లీషు పుస్తకమైనచో అక్షరమును కోరినంత పెంచవచ్చును. పంక్తులు తమంత తామే సర్దుకొనును. 2016 డిసెంబరులో కిండిల్ పుస్తకశాల హిందీ, తమిళము, మరాఠీ, గుజరాతీ, మలయాళములకు ద్వారములు తెరచెను. ఆ అయిదింటిలో తెలుగు లేదు. తెలుగు లిపికి యూనికోడులో 1991 నుండియు స్థానమున్నను, అంగడిలో మాత్రము మనము గుమ్మము వెలుపల నిలిచితిమి.

పిదప మా అమ్మాయి తెలుగు వికీసోర్సునుండి ఒక పుస్తకమును ఈపబ్ రూపమున దింపి, తగిన ఫాంటును జతచేసి యిచ్చినది. ఒత్తులు తమ చోటనే కూర్చున్నవి. అక్షరము బొటనవ్రేలి గోరంత పెరిగినది. ఆ సాయంకాలము నాయనగారు కాఫీ చల్లారిపోయినను తల యెత్తలేదు.

అయితే ఒక హెచ్చరిక. పరికరము నిలిచినంత మాత్రమున పుస్తకము మనదైనట్లు కాదు. 2009లో అమెజాన్ సంస్థ హక్కుల వివాదమున ఆర్వెల్ రచించిన ‘1984’ను కొన్నవారి కిండిళ్లనుండి చెప్పకయే తొలగించి, పిదప క్షమాపణ చెప్పుకొనెను. 2019లో మైక్రోసాఫ్ట్ తన పుస్తకశాలను మూసివేయగా, డబ్బు తిరిగి వచ్చెను, పుస్తకములు పోయెను. కావున ఏ అంగడిపైనను ఆధారపడని, మన యింటనే భద్రపరచుకొనదగిన ప్రతులు మనకు కావలెను.

అందుకు ప్రభుత్వ నిధులు రావలెనని కూర్చుండ నక్కరలేదు. వికీసోర్సులో పుట చిత్రమొక వైపు, అక్షరపాఠము మరియొక వైపు నుండును. రెంటిని పోల్చి తప్పులు దిద్దుటయే పని. ముసాయిదాలలో కామాలు దిద్దుచు ఇరువదియేండ్లు గడపిన మనకంటె అందుకు అర్హులెవరు? సభ్యకుటుంబమొక్కటి వారమునకు అయిదు పుటలు దిద్దినచో, నలుబది కుటుంబములు రెండువందల పుటలు దిద్దును. అనగా వారమున కొక చిన్న పుస్తకము. తెలుగు చదువుట మరచుచున్న మన పిల్లలకును ఆ నెపమున అక్షరపరిచయము కలుగును.

పరికరము తన పట్టుదలచే తాను బ్రతికినది. అందులో తెలుగు బ్రతుకుట మాత్రము మన చేతిలోని పని. కార్యవర్గమువారు అనుమతించినచో వచ్చు ఆదివారమే మా యింట ఈ పని ఆరంభింతము. తొలి పుటను దిద్దువారు మా నాయనగారు.