పేరు ముందా, నేరం ముందా?



 

అంగుళిమాలుని కథ మనందరం ఎరిగినదే. అయితే అట్ఠకథ చెప్పే అతని బాల్యాన్ని మనం అంతగా తలచుకోము. కోసల రాజపురోహితుని ఇంట పుట్టిన ఆ శిశువు చోర నక్షత్రంలో జన్మించాడనీ, దొంగ కాగలడనీ జాతకం పలికింది. ఆ కీడు తొలగాలని అహింసకుడని పేరు పెట్టారు. తక్షశిలలో సహాధ్యాయులు అసూయతో నింద మోపగా, గురువు దానిని నమ్మి, అతనిచేత హత్యలు చేయించే దక్షిణ కోరాడు. అంగుళిమాలుడు చేసిన హత్యలు హత్యలే. కానీ అతడు కత్తి పట్టకముందే లోకం అతనికి దొంగ అని ముద్ర వేసింది.

జాతకం చేసిన ఆ పనిని మన దేశంలో చట్టమే చేసింది. 1871లో బ్రిటిష్ ప్రభుత్వం నేరస్థ తెగల చట్టం తెచ్చింది. 1911లో దానిని సవరించి మద్రాసు రాజధానికీ వర్తింపజేసింది. మన ఎరుకలవారు ఎడ్లమీద, గాడిదలమీద ఉప్పు, ధాన్యం మోసుకొని ఊరూరా అమ్మి బ్రతికినవారు. ఉప్పుపై ప్రభుత్వ గుత్తాధికారం, రైళ్ళ రాక ఆ వర్తకాన్ని దెబ్బతీశాయి. జీవనం పోయిన పిమ్మట వారి సంచారమే అనుమానానికి హేతువైంది. బాపట్ల సమీపాన స్టువర్టుపురం సెటిల్‌మెంటు వెలసింది. దాని నిర్వహణ సాల్వేషన్ ఆర్మీకి అప్పగించారు. ఇటువంటి సెటిల్‌మెంట్లలో హాజరు పలకాలి. అనుమతి చీటీ లేనిదే పొలిమేర దాటరాదు. ఏ నేరమూ చేయనివానికి సైతం ఇదే నియమం.

ధమ్మం ప్రతిదానికీ హేతువును వెదకమంటుంది. ఇక్కడి హేతువును చూద్దాం. దొంగ జాతి అన్న పేరు పడినవానికి ఎవరూ పని ఇవ్వరు. ఊరిలో ఏది పోయినా మొదట అతని గుమ్మమే తడతారు. పనీ, పరువూ లేనివారిలో కొందరు దొంగతనానికి దిగితే, "మేము ముందే చెప్పలేదా?" అంటుంది లోకం. తాను కలిగించిన ఫలితాన్నే తన మాటకు సాక్ష్యంగా చూపుతుంది. నేరాన్ని నిర్ణయించడంలో చేసిన పనితోపాటు, సమాజం వేసే ముద్రకూ పాత్ర ఉన్నదని హోవర్డ్ బెకర్ అనే సామాజిక శాస్త్రవేత్త 1963లో వివరించాడు. అంతకు ముందే, 1948లో, బాబాసాహెబ్ అంటరానివారి ప్రక్కనే నేరస్థ తెగలనూ నిలిపి, వారిని అట్లా ఉంచిన నాగరికతనే ప్రశ్నించారు.

1952 ఆగస్టు 31న ఆ చట్టం దేశమంతటా రద్దయింది. ముద్ర మాత్రం పోలేదు. విముక్త జాతులను పుట్టుకతో నేరస్థులుగా చూసే జైలు నియమాలు చెల్లవని సుప్రీంకోర్టు 2024 అక్టోబరు 3న తీర్పు చెప్పవలసి వచ్చింది.

మరి భగవానుడు ఏమి చేశాడు? అంగుళిమాలుని సంఘంలోనికి తీసుకున్నాడు. అతణ్ణి పట్టుకోవడానికి సేనతో బయలుదేరిన పసేనది రాజుకు, ప్రక్కనే కూర్చున్న భిక్షువును చూపాడు. రాజు మొదట భయపడ్డాడు, పిదప నమస్కరించి చీవరాలు ఇవ్వబోయాడు. అయినా భిక్షకు వెళ్ళిన అంగుళిమాలుని తల పగిలేలా రాళ్ళు, కర్రలు వచ్చి తగిలాయి. మనిషి మారిన తరువాత కూడా ముద్ర ఎంత కాలం వెంటాడుతుందో ఆ గాయాలు చెబుతాయి.

1956 అక్టోబరు 14న నాగపూరులో దీక్ష పుచ్చుకొన్నవారు పుట్టుక వేసిన ముద్రను విడిచి నిలిచారు. మనం వారి వారసులం. అయితే మన విహారానికి క్రొత్తగా వచ్చినవారిని "పూర్వం మీరేమిటి?" అని అడిగిన సందర్భాలు మనలోనే లేవా? ఎరుకల కుటుంబానికి ఇల్లు అద్దెకిచ్చేటప్పుడు మన మనసూ తడబడలేదా? ఒప్పుకొందాం. ముద్ర బాధ ఎరిగినవారం మరొకరికి ముద్ర వేస్తే, మన దీక్ష సగమే.

కనుక ఈ సభలో మనం ఒక్క సంకల్పం చేద్దాం. నేరం చేసినవానిని ఆ నేరానికి మాత్రమే బాధ్యుణ్ణి చేద్దాం. అతని జాతిని కాదు, బిడ్డలను కాదు. మారదలచినవానికి పసేనది ప్రక్కన చూపినటువంటి ఆసనం మన విహారాలలో ఉంచుదాం.

సకల జీవులకు మంగళమగుగాక.